పెనిమన్ల గోడ దగ్గర పేరు పెట్టి పిలవకండి

పిల్లలూ, మీరు ఈ అరిజోనా ఎండలో పుట్టి పెరిగినవాళ్ళు. సాయంత్రమైతే వీధి చివర నిలబడి ఒకర్నొకరు పేరు పెట్టి గొంతు చించుకుని పిలుచుకుంటారు. నేను ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి "ఊరికే పిలవకండర్రా, దగ్గరికెళ్ళి మాట్లాడండి" అంటాను. అమ్మకి ఊరికే కంగారు అని నవ్వుకుంటారు. ఆ కంగారు ఎక్కణ్ణించి వచ్చిందో మీకు ఇంతవరకూ చెప్పలేదు. చిన్నపిల్లలు భయపడతారేమో అని ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతాను.

ఇది నేను చూసింది కాదు. మా నాయనమ్మ లవీనా చెప్పగా విన్నది. ఆవిడ చెప్పిన చోట చెప్పినట్టు, ఆగిన చోట ఆగి చెబుతాను. నా సొంతం ఒక్క మాట కూడా కలపను.

ఇక్కడికి చాలా దూరం, చలిదేశం వెర్మాంట్ కొండల్లో మా ఊరు. ఊరి పై దారిలో, మేపుల్ తోట దాటాక, రాళ్ళు పేర్చి కట్టిన ఒక గోడ ఉంటుంది. దాని లోపల మా పెనిమన్ వంశంవాళ్ళ సమాధులు. దాని పక్కనుంచే అందరూ నడవాలి, వేరే దారి లేదు.

చీకటి పడితే ఆ గోడ దగ్గర ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. బండి తోలేవాళ్ళు అక్కడికి రాగానే మాటలు ఆపేస్తారు. పిలిస్తే... పలుకుతుంది. ఎవర్ని పిలిచామో ఆ మనిషి కాదు. ఇంకెవరో.

అయితే ఏ పేరు పడితే ఆ పేరుకి పలకదట. ఒకే ఒక్క పేరుకి. ఆ పేరు జోథమ్.

మా ఊళ్ళో ఆ పేరుకి కరువు లేదు. మా వంశంలో ఒకాయన, జోథమ్ పెనిమన్, సెనేటరై వాషింగ్టన్ దాకా వెళ్ళి, అక్కడే పోయాడు. ఆయన మీద గర్వంతో ఇంటికో కొడుక్కి ఆ పేరు పెట్టారు. ఫిలెమన్ అనే రైతైతే తన ఎద్దుకి కూడా పెట్టుకున్నాడు. ఒక సాయంత్రం ఎద్దు తప్పిపోతే ఆ గోడ పక్క నిలబడి "జోథమ్! ఒరేయ్ జోథమ్!" అని అరిచాడట.

"ఆఁ..." అంది గోడ లోపలినుంచి. చిన్నపిల్లాడి గొంతు.

ఫిలెమన్ ఇంటికొచ్చి పడ్డాడు. మర్నాటినుంచి ఆ ఎద్దుని "ఒరేయ్" అనే పిలిచేవాడు. ఊరంతా నవ్వారు. నవ్వారు గానీ... ఆ దారిన ఒంటరిగా వెళ్ళడం మానేశారు.

ఇక మా నాయనమ్మ సంగతి.

ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేటప్పటికి ఇంటి పెద్ద సైలస్ పెనిమన్. ఆవిడకి మామగారు. సెనేటర్‌కి తమ్ముడి మనవడు. చూపు మందగించిన ముసలాయన, మాట మాత్రం మందగించలేదు. ఆ ఏడాది రాష్ట్ర రాజధానినుంచి చరిత్ర సంఘం వాళ్ళు వచ్చి, సెనేటర్ పుట్టిన ఇంటి ముందు ఒక శిలాఫలకం పెడతామన్నారు. వంశ చరిత్ర అంతా సైలస్‌గారే సమకూర్చాలి. ఆయన పొంగిపోయాడు.

అక్కడే చిక్కొచ్చిపడింది. సెనేటర్ 1803లో పుట్టాడని ఊరి జనన పుస్తకం చెబుతోంది. వాషింగ్టన్‌లో ఆయన సమాధి మీద మాత్రం 1807 అని ఉంది.

"నాలుగేళ్ళు ఎక్కడికి పోయాయండీ సైలస్‌గారూ?" అని అంగట్లో పొయ్యి చుట్టూ కూర్చున్నవాళ్ళు ఆటపట్టించేవారు. "కుర్రపిల్లని పెళ్ళాడ్డానికి వయసు కోసేసుకున్నాడటగా మీ సెనేటర్!"

"కోసుకున్నాడంటే నీ నాలుక కోస్తా" అనేవాడు సైలస్‌గారు. కానీ రాత్రిళ్ళు నిద్రపోయేవాడు కాదు. రాయి చెక్కేవాడు ఏ ఏడాది చెక్కమంటారని కబురు మీద కబురు పంపుతున్నాడు. మంచు పడకముందే ఫలకం నిలబెట్టాలి. 1803 అని వేసి, మావాడు అబద్ధాలకోరని నా చేత్తో రాతి మీద చెక్కిస్తానా అని ఆయన బాధ.

నాయనమ్మ బాధ వేరు.

ఆవిడ మొదటి కొడుకు పేరూ జోథమే. రెండు చలికాలాల కిందట కోరింత దగ్గొచ్చి పోయాడు. రెండేళ్ళవాడు. ఆ గోడ లోపల, తూర్పు మూలన పడుకోబెట్టారు. ఆ రోజునుంచి ఆవిడ నోట ఆ పేరు రాలేదు. ఆ గోడ వైపు చూడను కూడా చూడలేదు. ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉంది.

మామగారు ఆ కడుపులో బిడ్డకి అప్పుడే పేరు పెట్టేశాడు.

"మన జోథమ్ ఎలా ఉన్నాడమ్మా ఇవాళ?" అని పొద్దున్నే అడిగేవాడు. భోజనాల దగ్గర, "ఇంకో రొట్టె తిను, జోథమ్‌కి కావాలి" అనేవాడు. దుర్మార్గుడు కాదు. మా వైపు పాతకాలంలో అదే ఆచారం. బిడ్డ పోతే, తర్వాత పుట్టిన బిడ్డకి ఆ పేరే పెట్టేవారు. పేరు ఇంట్లోంచి పోకూడదని.

"ఈ ఇంట్లో ఒక జోథమ్‌ని చూడకుండా నేను పోను" అనేవాడాయన.

నాయనమ్మ తల వంచుకుని తినేది. గదిలోకి వెళ్ళాక తాతయ్య అమోస్‌తో అనేది:

"నువ్వైనా చెప్పు అమోస్. నావల్ల కాదు. ఆ పేరుతో పిలిస్తే నాకు వాడే గుర్తొస్తాడు. వీడు ఎప్పటికీ వాడికి మారుగానే ఉంటాడు."

"ఆయనకి చెప్పేదేముంది? గోడకి చెప్పినట్టే" అనేవాడు తాతయ్య. మంచివాడే. తండ్రి ముందు మాత్రం గొంతు లేచేది కాదు.

అక్టోబరు చివర. ఆ రోజు నాయనమ్మకి లోపల దిగులుగా ఉంది. ముందురోజు నుంచీ కడుపులో కదలిక లేదు. డాక్టరు కొండ దిగితే గానీ లేడు. ఎవరికీ చెప్పలేదు... చెబితే నిజమైపోతుందేమోనని.

సాయంత్రం మామగారు లాంతరు తుడుస్తూ అన్నాడు: "అమ్మాయీ, నాతో పై దారికి రావాలి. మా ముత్తవ్వ రాయి మీద పిల్లల పేర్లు చెక్కి ఉన్నాయని మా నాన్న అనేవాడు. నా కళ్ళకి ఆనవు. నువ్వు బడిలో పాఠాలు చెప్పినదానివి, నువ్వు చదువు."

"రేపు పగలు వెళదాం మామయ్యా."

"పగలు ఏం కనిపిస్తుంది?"

నిజమే. పలకరాయి మీద అక్షరాలు అరిగిపోతే పగటి వెలుగులో రాయి నున్నగా, బోసిగా కనిపిస్తుంది. చీకటి పడ్డాక లాంతరుని రాతి పక్కన, అంచుకి దగ్గరగా పట్టాలి. అప్పుడు మిగిలిన కాస్త గాట్లలో నీడ నిండుతుంది. ఒక్కో అక్షరమే పైకి లేస్తుంది. మా వైపు పాత సమాధులు చదివేవాళ్ళందరూ అలాగే చదువుతారు.

నాయనమ్మ శాలువా కప్పుకుంది. దారిలోనే చెప్పేయాలనుకుంది: 'మామయ్యా, ఆ పేరు వద్దు.' నాలుగు మాటలు. ఇంట్లో అయితే నోరు రాదు, చీకట్లో ముఖం చూడక్కర్లేదు కదా అని.

దారంతా నడిచారు. మాట గొంతులోనే ఉండిపోయింది.

గోడకి ఒక చిన్న ఇనప తలుపు. తీస్తే కీచుమంది. లోపల రాలిన మేపుల్ ఆకులు కాలి కింద నలుగుతున్నాయి. గాలి లేదు. తూర్పు మూల వైపు చూడకుండా ఆవిడ తిన్నగా పాత వరసల్లోకి నడిచింది.

"ఇదిగో, ఎలైహు. సెనేటర్ తండ్రి" అన్నాడు మామగారు, తడిమి. "ఆ పక్కది మెర్సీ. తల్లి. చదువు."

ఆయన లాంతరు పక్కగా పట్టాడు. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుంది. మెర్సీ పేరు తేలింది. ఎలైహు భార్య అని తేలింది. అంతే. పిల్లల మాటే లేదు.

"సరిగ్గా చూడు."

"ఇంకేం లేదు మామయ్యా."

ఆయన నిట్టూర్చాడు. లేవడానికి ఆవిడ నేల మీద చెయ్యి ఆనించింది. తండ్రి రాతికీ తల్లి రాతికీ మధ్య, ఆకుల కింద... చేతికి చల్లగా ఏదో తగిలింది. అంచు. పలకరాయి అంచు.

"మామయ్యా... ఇక్కడ ఇంకోటుంది."

ఇద్దరూ ఆకులు తోసేశారు. నేలలోకి మెడదాకా కూరుకుపోయిన చిన్న రాయి. పొయ్యి మీద పెట్టుకునే పెనమంత. ఆయన జేబుకత్తితో మట్టి గీకాడు. లాంతరు నేలకి ఆనించాడు.

అక్షరాలు లేవడం మొదలుపెట్టాయి.

మొదటిది. రెండోది. మూడోది...

"ఏమనుంది?" అన్నాడు మామగారు.

ఆవిడ ఆ గాట్లని వేలితో మళ్ళీ తడిమింది.

"ఏమ్మా, నోరు పెగలదా? ఏమనుందంటే!"

"ఆ పేరే మామయ్యా" అంది మెల్లిగా. "ఎలైహు, మెర్సీల కొడుకు. 1803లో పుట్టాడు. మూడేళ్ళకి పోయాడు."

ఆయన రాతి మీదికి వంగాడు. తర్వాత లాంతరు వణికింది. ఏడుస్తున్నాడేమో అనుకుంది. కాదు, నవ్వుతున్నాడు.

"ఇద్దరమ్మా! ఇద్దరు! పెద్దాడు పోయాడు. తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టారు. ఊరి పుస్తకంలో ఉన్నది పెద్దాడి పుట్టుక. మనం ఇన్నాళ్ళూ ఇద్దర్నీ కలిపి ఒక్కణ్ణి చేశాం! మన సెనేటర్ ఒక్క రోజు కూడా కోసుకోలేదు! వాళ్ళ నోళ్ళు మూయిస్తా రేపు... ఓ జోథమ్!"

సంతోషంలో అరిచేశాడు. కొండలోకి వినిపించేలా.

అరిచాక... ఇద్దరికీ గుర్తొచ్చింది.

ఎక్కడా చప్పుడు లేదు. ఆకు కూడా కదల్లేదు.

"ఆఁ..."

లాంతరు పక్కనుంచి. నేలలోంచి. నిద్రలో లేపితే పిల్లలు పలుకుతారే, అలా.

మామగారి నవ్వు ఆగిపోయింది.

లాంతరు ఆరిపోలేదు. ఆరిపోయినా బాగుండేది అనేది నాయనమ్మ. మంట నిటారుగా వెలుగుతూనే ఉంది, ఆ చిన్న రాతి మీద పేరు నల్లగా నిలబడే ఉంది.

అప్పుడు వెనకనుంచి... తూర్పు మూలనుంచి... ఇంకో గొంతు.

"ఆఁ... అమ్మా..."

ఆ గొంతు ఆవిడకి తెలుసు. రెండేళ్ళు విన్న గొంతు. చివర్న కాస్త దగ్గు జీర.

వెనక్కి తిరగలేదు. తిరిగితే ఇక ఇంటికి రాలేననిపించిందట. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

ఆ చేతుల కింద... నిన్నటినుంచి కదలని బిడ్డ... కదిలాడు. ఒక్క తన్ను. పిలిస్తే ఉలిక్కిపడినట్టు.

మామగారు గుసగుసగా అడిగాడు: "విన్నావా?"

"విన్నాను."

"పిల్లాడు."

"ఇద్దరు, మామయ్యా."

"నాకు ఒక్కడే వినిపించాడు." ఆయన తల అటూ ఇటూ తిప్పాడు. "రెండోవాడు... ఎక్కడ?"

ఆవిడ చెయ్యెత్తి వెనక్కి చూపించింది. తూర్పు మూల. ఆయనకి అర్థమైంది.

"మామయ్యా, మూడోవాడు కూడా" అంది. "మీరు రోజూ పిలుస్తున్నారుగా. వీడు కూడా పలికాడు. ఇప్పుడే. లోపల."

అంతవరకూ నోటికి రాని మాట అప్పుడు వచ్చింది.

"నా బిడ్డని వాళ్ళలో కలపకండి మామయ్యా. మీ కాళ్ళు పట్టుకుంటాను. వీడికి ఆ పేరు వద్దు."

ముసలాయన టోపీ తీశాడు. తర్వాత నెమ్మదిగా వంగి, ఆ చిన్న రాతి మీద చెయ్యి పెట్టి, జోకొట్టినట్టు తట్టాడు.

"ఎవర్నీ పిలవలేదు నాన్నా" అన్నాడు. "పొరపాటైంది. పడుకో."

లేచి, కాళ్ళీడ్చుకుంటూ తూర్పు మూలకి నడిచాడు. అక్కడా వంగాడు. అక్కడ ఏమన్నాడో నాయనమ్మకి వినపడలేదు. ఎప్పుడూ అడగలేదు కూడా.

ఇంటికి వచ్చే దారిలో ఒకే ఒక్క మాట అన్నాడట. "వేరే పేరు చూసుకోమ్మా."

"మీరే చెప్పండి మామయ్యా."

"నన్నడక్కు. నాకు తెలిసిన పేర్లన్నీ ఆ గోడ లోపలే ఉన్నాయి."

మార్చిలో, తీపి రసం పట్టడానికి మేపుల్ చెట్లకి బాల్చీలు కట్టే రోజుల్లో బిడ్డ పుట్టాడు. మగబిడ్డ. ఆరోగ్యంగా ఉన్నాడు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి పేరేమిటని అడిగారు. నాయనమ్మ ఇంట్లో కనిపించిన ప్రతి అక్షరమూ చదివి, మా వంశంలో ఇంతవరకూ ఎవరికీ లేని పేరు ఒకటి ఏరి పెట్టుకుంది. ముల్లంగి విత్తనాల పొట్లం మీద అమ్మేవాడి పేరు. వెండెల్.

"నా కొడుక్కి ముల్లంగుల పేరా!" అన్నాడట అమోస్ తాతయ్య.

"ముల్లంగులు ఎన్నడూ నన్ను ఏడిపించలేదు" అందట నాయనమ్మ. మామగారు మూలనుంచి, "బావుంది. పెట్టేయండి" అన్నాడు. అంతటితో అయిపోయింది.

శిలాఫలకం వసంతం దాకా ఆగింది. సైలస్‌గారు చరిత్ర సంఘం వాళ్ళతో పెద్ద గొడవే పడ్డాడు. సెనేటర్ పేరు, 1807 చెక్కాక, దాని కింద ఇంకో వరస ఉండాలన్నాడు. 1803లో పుట్టి, మూడేళ్ళకి పోయిన ఆయన అన్న జోథమ్ అని.

"సెనేటర్ రాయి మీద పసిపిల్లాడెందుకండీ? ఆ పిల్లాడేం చేశాడని?" అన్నారు వాళ్ళు.

"ఏం చెయ్యడానికీ టైము లేకపోయింది. కానీ పేరు ముందు వాడిదండీ" అన్నాడు సైలస్‌గారు.

ఆ వరస చెక్కారు. ఇప్పటికీ ఉంది. నేను చిన్నప్పుడు వేలితో దిద్ది చూసేదాన్ని. ఆ మరుసటి చలికాలం సైలస్‌గారు పోయారు.

ఇక్కడ నేను మీకు నిజాయితీగా చెప్పాల్సింది ఒకటుంది. ఆ కొండల్లో ఒక రకం గుడ్లగూబ ఉంది, అచ్చం పసిపిల్లలా మూలుగుతుంది. చలికి నేల మీద వంగి కూర్చుంటే కడుపులో బిడ్డ కదలడం మామూలేనని డాక్టరు తర్వాత అన్నాడు. కొడుకు పోయిన తల్లికి ఏ చప్పుడైనా కొడుకు గొంతులాగే వినిపించొచ్చు. ఇవన్నీ నాయనమ్మే నాకు చెప్పింది. తన మీద తనే అనుమానపడేది ఆవిడ. చాలా ఏళ్ళు ఈ కథని ఇక్కడే ఆపేసేది.

ఒక్కసారి మాత్రం, చివరి రోజుల్లో, నా చెయ్యి పట్టుకుని మిగతాది చెప్పింది.

వెండెల్‌కి రెండేళ్ళు దాటాయి. మాటలు బాగా వచ్చాయి. ఒక సాయంత్రం చుట్టాల ఇంటినుంచి వస్తూ మసక పడింది. వాడి చెయ్యి పట్టుకుని గోడ పక్కనుంచి నడుస్తోంది. తను మాట్లాడటం లేదు. వాణ్ణీ మాట్లాడొద్దని ముందే చెప్పింది. మామగారితో ఆ రాత్రి విన్నది ఆవిడ అప్పటికింకా ఎవరికీ చెప్పలేదు. భర్తకి కూడా. ఎన్ని గొంతులు పలికాయో తెలిసిన రెండో మనిషి మామగారు, ఆయన అప్పటికే ఆ గోడ లోపల ఉన్నాడు.

తలుపు దగ్గరికి రాగానే పిల్లాడు ఆగిపోయాడు. గోడ వైపు తల తిప్పాడు. వింటున్నట్టు.

"కాదు" అన్నాడు.

ఆవిడ చెయ్యి లాగింది. వాడు కదల్లేదు. కాసేపటికి మళ్ళీ, ఓపిగ్గా, తన కంటే చిన్నవాళ్ళకి చెప్పినట్టు అన్నాడు:

"కాదు. నేను వెండెల్ని."

"ఎవరితో నాన్నా?" అంది ఆవిడ.

"వాళ్ళు అడుగుతున్నారమ్మా" అన్నాడు గోడ వైపు వేలు చూపించి. "ఇద్దరూ."

ఆ వెండెల్ మీ తాతయ్యే. క్రిస్మస్‌కి వచ్చి మీతో బంతాట ఆడి వెళ్ళే మీ తాతయ్య. అడిగితే నాకేం గుర్తులేదంటాడు. గుర్తులేదంటూనే కిటికీ తలుపు వేసేస్తాడు, చూశారా?

పిల్లలూ, రేపు మీకూ పిల్లలు పుడతారు. వాళ్ళకి ఈ కథ చెప్పండి. మరీ చిన్నప్పుడు కాదు, కాస్త ధైర్యం వచ్చాక, మీరు పక్కనే ఉండి చెప్పండి. భయం కోసం ఏమీ కలపకండి, గుడ్లగూబ సంగతి వదిలెయ్యకండి. వాళ్ళకి పెట్టే పేరు వాళ్ళ ఒక్కళ్ళదే అయ్యేలా చూడండి. ఎప్పుడైనా మా కొండల వైపు వెళితే, పెనిమన్ల గోడ పక్కన నిశ్శబ్దంగా నడవమనండి... ఎవరైనా అడిగితే మాత్రం, మర్యాదగా తమ పేరు చెప్పి రమ్మనండి.